మా బాబు మెడ మీద మెత్తటి వాపు: కోయించాలా, ఇంజెక్షన్ వేయించాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. బాబుకి పదో నెల. ఐదో నెలలో స్నానం చేయిస్తుంటే మెడకి ఎడమ పక్కన మెత్తగా ఉసిరికాయంత ఉబ్బు చేతికి తగిలింది. పోయిన నెల జలుబు చేసినప్పుడు రెండు రోజుల్లో నిమ్మకాయ కంటే పెద్దదైంది. తర్వాత కాస్త తగ్గింది కానీ మునుపటంత చిన్నగా అవలేదు. స్కానింగ్ రిపోర్టులో 'సిస్టిక్ హైగ్రోమా, లింఫాంజియోమా' అని రాశారు. ఒక డాక్టరు వెంటనే ఆపరేషన్ చేయించేయమన్నారు. ఇంకొక డాక్టరు కోయక్కర్లేదు, ఇంజెక్షన్లతో పోతుందన్నారు. క్యాన్సరేమోనని మా ఆయన రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. గ్రహణం రోజు నేను బయట తిరగడం వల్లే ఇలా అయిందని మా అత్తయ్య అంటున్నారు. లింఫ్ అన్నారు కాబట్టి బోదకాలు మాత్రలు వాడి చూడమని పక్కింటావిడ చెబుతోంది. పదకొండో నెలలో సింహాచలంలో పుట్టువెంట్రుకలు తీయిస్తామని మొక్కు ఉంది. వెళ్లొచ్చా? అసలు ఏం చేయమంటారు?
– ఒక తల్లి, గాజువాక

జవాబు:

అమ్మా,

ముందు మీ ఆయన్ని ఈ రాత్రికి కంటినిండా నిద్రపొమ్మనండి. మీరు రాసిన లక్షణాలు, రిపోర్టులో ఉన్న మాట కలిపి చూస్తే ఇది క్యాన్సర్ కాదు. పెరిగి పెరిగి రేపు క్యాన్సర్ అయ్యే రకమూ కాదు. ఆ 'లింఫాంజియోమా' అన్న పేరే చాలామందిని భయపెడుతోంది. చివర 'ఓమా' అని ఉంటే వైద్యంలో సాధారణంగా కణితి అని అర్థం. ఫోన్‌లో ఆ మాట కొట్టి చూసినవాళ్లకి గుండె ఆగినంత పనవుతుంది. నిజానికి ఇది కణితి కాదు. అమెరికాలో మల్లికెన్, గ్లోవాకీ అనే ఇద్దరు పరిశోధకులు 1982లోనే, కణాలు విపరీతంగా పెరిగి వచ్చే గడ్డలు వేరు, నాళాలు పుట్టుకతోనే సరిగ్గా ఏర్పడక వచ్చే వాపులు వేరు అని విడదీసి చెప్పారు. మీ బాబుది రెండో రకం. ఇప్పుడు దీన్ని లింఫాటిక్ మాల్‌ఫార్మేషన్ అంటున్నారు. పాత పేర్లు మాత్రం మన రిపోర్టుల్లో ఇంకా పోలేదు.

ఒంట్లో రక్తనాళాలు ఉన్నట్టే లింఫ్ నాళాలనీ ఉంటాయి. రక్తం నుంచి కండలోకి ఊరిన నీరు మళ్లీ రక్తంలోకి చేరేది వీటి గుండానే. పొలంలో మిగులు నీరు పోయే పిల్లకాలువల్లాంటివి అనుకోండి. బిడ్డ కడుపులో ఉండగా ఒకచోట ఈ కాలువలు మిగతా వాటితో సరిగ్గా కలవకపోతే అక్కడ నీరు నిలిచి సంచుల్లా ఉబ్బుతుంది. ఎక్కువగా మెడ దగ్గర, ఆ తర్వాత చంకలో వస్తుంది. దాదాపు సగం మంది పిల్లల్లో పుట్టగానే కనిపిస్తుంది. మిగిలినవాళ్లలో చాలామందికి రెండేళ్లలోపే బయటపడుతుంది. మీకు ఐదో నెలలో తెలియడంలో మీ అశ్రద్ధ ఏమీ లేదు.

ఇక గ్రహణం మాట. మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది ఆ ఒక్క వాక్యమే. మీరు గ్రహణం నాడు బయటికి వచ్చినా, గదిలో తలుపులేసుకుని పడుకున్నా ఈ వాపు వచ్చేదే. బిడ్డ కడుపులో ఎదుగుతున్నప్పుడు, ఆ మెడ భాగంలో తయారవుతున్న కణాల్లో ఒకదానిలో పీఐకే3సీఏ అనే జన్యువు మారిపోతుంది. ఈ వాపులున్న పిల్లల్లో చాలామందికి ఆ మార్పు ఉన్నట్టు 2015లో బయటపడింది. అది మీ నుంచి గానీ మీ ఆయన నుంచి గానీ వచ్చింది కాదు. బాబు ఒళ్లంతా ఉండదు, ఆ వాపు ఉన్నచోటే ఉంటుంది. మీరు తిన్నది, తిననిది, ఎక్కిన బస్సు, కోసిన కూరగాయ, ఏదీ దీనికి కారణం కాదు. మళ్లీ బిడ్డ పుడితే వాళ్లకీ వస్తుందేమోనన్న భయం కూడా పెట్టుకోకండి. అత్తయ్యగారి మీద కోపం తెచ్చుకోవద్దు. మనవడికి ఏదో అయిందంటే పెద్దవాళ్లకి ఒక కారణం కావాలి, దొరికిన కారణం పట్టుకుంటారు. ఆవిడకి అసలు కారణం ఎలా చూపించాలో చెబుతాను.

రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పేయండి. బాబు నిద్రపోతున్నప్పుడైతే మరీ మంచిది. ఫోన్ టార్చి వేసి, వేడి తగలకుండా మీ వేలు అడ్డం పెట్టుకుని, వాపుకి ఒక పక్కన ఆనీ ఆననట్టు ఉంచండి. లోపల ఉన్నది నీరే అయితే ఆ వాపు మొత్తం కార్తీకమాసంలో కట్టే ఆకాశదీపంలా ఎర్రగా, పలచగా వెలుగుతుంది. గట్టి గడ్డ అయితే అలా వెలగదు. నేను ఓపీలో ఇది చేసి చూపించినప్పుడు ఒక నాయనమ్మ నోటి మీద చెయ్యేసుకుని "అమ్మో, వట్టి నీళ్లేనా!" అన్నారు. ఆ తర్వాత ఆవిడ మళ్లీ కోడల్ని ఒక్క మాట అనలేదు. టార్చి పరీక్షతో రోగం తేల్చేయమని చెప్పడం లేదు, తేల్చేది స్కానింగే. కానీ అత్తయ్యగారి చేత ఆ టార్చి పట్టించండి.

పక్కింటావిడ చెప్పిన మాత్రలు వద్దు. ఆవిడ అలా అనడం సహజమే. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా మన ఉత్తరాంధ్రలో లింఫ్ అనగానే అందరికీ గుర్తొచ్చేది బోదకాలే. కానీ బోదకాలు దోమ కాటుతో ఒంట్లో చేరే ఫైలేరియా పురుగు వల్ల వస్తుంది. ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్రలు ఆ పురుగు మీదే పనిచేస్తాయి. మీ బాబు మెడలో పురుగూ లేదు, దోమకి దీంతో సంబంధమూ లేదు. పైగా రెండేళ్లలోపు పిల్లలకి ఆ మాత్రలు ఇవ్వరు. ఎవరైనా దీన్ని కంఠమాల అనుకుని పసరు పోస్తామన్నా, వాత పెడతామన్నా ఆ గడప తొక్కకండి. పలచటి చర్మం కింద నీరు నిండిన సంచి అది. చర్మం కాలినా చీలినా సూక్ష్మక్రిములు నేరుగా లోపలికి పోతాయి. కొబ్బరినూనెతో మర్దన చేసి కరిగించాలని చూడొద్దు, గట్టిగా నొక్కితే లోపల రక్తం చిమ్మి రాత్రికి రాత్రే నల్లగా ఉబ్బొచ్చు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ఒకరు కోయాలన్నారు, ఇంకొకరు ఇంజెక్షన్ అన్నారు. ఇద్దరిలో ఎవరిది తప్పు అని మీరు అడుగుతున్నారు. అంతకంటే ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది. ఆ సంచులు పెద్దవా, చిన్నవా? వైద్యమంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఎండాకాలంలో తాటి ముంజెలు వొలిచారు కదా. పల్చటి పొర, లోపల నీరు, వేలు పెడితే ఊగుతుంది. కొందరు పిల్లల్లో ఈ సంచులు అలా ఉంటాయి, ఒక్కొక్కటి ఒకటి రెండు సెంటీమీటర్లకి మించి. వీటిని మాక్రోసిస్టిక్ అంటారు. ఇంకొందరిలో ఉడికిన సగ్గుబియ్యంలా సన్నసన్నగా, వందలకొద్దీ, కండలోకీ నాలుకలోకీ చొచ్చుకుపోయి ఉంటాయి. ఇవి మైక్రోసిస్టిక్. రెండూ కలిసినవీ ఉంటాయి. ముంజెల్లాంటి వాటిలోకి సూది పెట్టి నీరు తీయొచ్చు, మందు నింపొచ్చు. సగ్గుబియ్యం గింజలు ఒక్కొక్కదానిలోకి సూది ఎలా పెడతాం? అందుకే ఆ రకం మొండిది. మెత్తగా ఉంది, జలుబుతో పెరిగి తగ్గింది అని మీరు రాసినదాన్ని బట్టి మీ బాబుది పెద్ద సంచుల రకమే అయి ఉండొచ్చని నా అంచనా. అంచనా మీద వైద్యం చేయకూడదు. డాప్లర్‌తో (రక్తం పారే తీరు చూపించే పరీక్ష) కలిపి అల్ట్రాసౌండ్, ఆ తర్వాత ఎమ్మారై తీయిస్తే సంచులు ఎంతున్నాయో, గొంతు లోపలికీ ఛాతీలోకీ దిగాయో లేదో, ఏ నాళం పక్కన ఉన్నాయో తేలుతుంది. ఈ వయసు పిల్లలు ఎమ్మారైలో కదలకుండా ఉండలేరు కాబట్టి మత్తు ఇస్తారు. దానికి కంగారు పడకండి.

స్కాన్‌లో పెద్ద సంచులే అని తేలితే, ఊపిరికీ మింగడానికీ ఇబ్బంది లేనప్పుడు, నేనైతే మొదట ఇంజెక్షన్ వైపే మొగ్గుతాను. ఎందుకో చెబుతాను. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఇలాంటి వాపు కనబడితే కోసెయ్యడమే వైద్యం. ఈ సంచులకి గట్టి తొడుగేమీ ఉండదు. నరాల చుట్టూ, రక్తనాళాల చుట్టూ అల్లుకుపోతాయి. పూర్తిగా తీద్దామంటే నరం తెగుతుంది, నరాన్ని కాపాడదామంటే సంచి మిగులుతుంది, మిగిలింది మళ్లీ ఉబ్బుతుంది. దవడ కింద ఆపరేషన్ అయిన ఒక పాప నాకు బాగా గుర్తు. వాపు మొత్తం పోయింది, వాళ్లమ్మ సంతోషంగా పాపని ఎత్తుకుని వచ్చింది. పాప నవ్వింది. కింది పెదవి ఒక పక్క మాత్రమే కిందికి దిగింది. రెండో పక్క కదల్లేదు. ఆ పెదవిని కదిపే సన్నటి నరం ఆపరేషన్‌లో దెబ్బతింది. ఆ నవ్వు చూశాక 'ముందు కోసెయ్యండి' అన్న మాట నా నోట తేలిగ్గా రాదు.

అలాగని ఆపరేషన్ చెడ్డదని కాదు. ఒక పక్కనే, మెడ కింది భాగంలోనే ఉండి, చుట్టూ తేలిగ్గా విడిపోయేలా ఉంటే అనుభవమున్న పిల్లల సర్జన్ ఒక్కసారితో శుభ్రంగా తీసేయగలరు. ఇంజెక్షన్లకి లొంగనప్పుడు, ఊపిరికి అడ్డం పడుతున్నప్పుడు అది తప్పదు కూడా.

ఇంజెక్షన్ వైద్యాన్ని స్క్లెరోథెరపీ అంటారు. ఆ రోజు ఏం జరుగుతుందో ముందే తెలిస్తే మీకు టెన్షన్ తగ్గుతుంది. మత్తు ఇస్తారు కాబట్టి బాబుకి తల్లిపాలు నాలుగు గంటల ముందు, పోతపాలైతే ఆరు గంటల ముందు ఆపమంటారు. ఆ సమయంలో ఆకలికి ఏడుస్తాడు, మీకు మనసు ఆగదు. అయినా ఒక్క చెంచా కూడా పట్టొద్దు, మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లోపల అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటూ సన్నటి సూదితో సంచిలో ఉన్న లేత పసుపు రంగు నీరు లాగేస్తారు. అదే సూదితో మందు ఎక్కిస్తారు. ఆ మందు సంచి లోపలి గోడల్ని రేపుతుంది. రేగిన గోడలు ఒకదానికొకటి అతుక్కుని, నీరు చేరే చోటే లేకుండా పోతుంది. బ్లియోమైసిన్, డాక్సీసైక్లిన్, సోడియం టెట్రాడెసిల్ వంటివి వాడతారు. జపాన్‌లో 1980లలో మొదలైన ఓకే-432 అనే మందు కూడా ఉంది. పెన్సిలిన్ పడని పిల్లలకి అది ఇవ్వరు, మీ ఇంట్లో ఎవరికైనా పెన్సిలిన్‌తో దద్దుర్లు వచ్చాయేమో గుర్తు చేసుకుని చెప్పండి.

బ్లియోమైసిన్ అనగానే 'అది క్యాన్సర్ మందు కదా' అని ఎవరో ఒకరు మళ్లీ మీ ఆయన నిద్ర చెడగొడతారు. అవును, ఆ జబ్బుకీ వాడతారు. ఇక్కడ వాడేది చాలా తక్కువ మోతాదు, గోడల్ని అతికించడానికి మాత్రమే. మోతాదు మితిమీరితే ఊపిరితిత్తులకి చెడు చేసే గుణం దానికి ఉంది, అందుకే బరువుని బట్టి లెక్కగట్టి, మొత్తం ఎంత వెళ్లిందో ప్రతిసారీ రాసిపెడతారు. ఆ కాగితం జాగ్రత్తగా దాచండి. ఆ మందు ఇచ్చాక చర్మం మీద గీరినచోట, అంటించిన ప్లాస్టర్ గట్టిగా పీకినచోట నల్లటి చారలు పడతాయి. ముందురోజే బాబు గోళ్లు తీసేయండి. ప్లాస్టర్ తడిపి మెల్లగా తీయమని నర్సుకి చెప్పండి.

తర్వాత వారం రోజులే మీకు పరీక్ష. మందు వేసిన మర్నాటి నుంచి వాపు తగ్గదు, పెరుగుతుంది. ఎర్రబడుతుంది, కాస్త జ్వరం వస్తుంది, మెత్తటిది కాస్తా పచ్చి జామకాయలా గట్టిపడుతుంది. ఈ దశలోనే చాలామంది తల్లులు 'వైద్యం వికటించింది' అని ఏడుస్తూ ఫోన్ చేస్తారు. వికటించలేదమ్మా, మందు పనిచేస్తోందని అర్థం. నాలుగు నుంచి ఆరు వారాల్లో మెల్లగా కుంచించుకుపోతుంది. ఒక్కసారితో సరిపోవచ్చు, రెండు మూడు సార్లు పట్టొచ్చు. నెల, నెలన్నర ఎడంతో వేస్తారు. పెద్ద సంచుల రకంలో ఫలితం బాగుంటుంది. వాపు మొత్తం మాయమవ్వకపోయినా, చొక్కా తొడిగితే తెలియనంత తగ్గితే అక్కడితో ఆపేయడం కూడా తెలివైన పనే.

ఎమ్మారైలో చిన్న సంచుల రకం అని వస్తే దారి వేరు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు వాడే సిరోలిమస్ అనే మందు ఇక్కడ పనికొస్తోంది. పైన చెప్పిన జన్యువు మారడం వల్ల కణానికి 'పెరుగు, పెరుగు' అన్న కబురు ఆగకుండా వెళుతుంటుంది. సిరోలిమస్ ఆ కబుర్ని మధ్యలో అడ్డుకుంటుంది. నెలల తరబడి నోటి ద్వారా ఇవ్వాలి, మధ్యమధ్యలో రక్తపరీక్ష చేసి మోతాదు సరిచూడాలి. నోటిపూత రావచ్చు, ఒంట్లో రోగనిరోధకశక్తి తగ్గుతుంది కాబట్టి కొన్ని టీకాల విషయం ముందే మాట్లాడుకోవాలి. మీకు ఆ అవసరం వస్తుందని అనుకోవడం లేదు గనక ఇంతటితో వదిలేస్తాను.

ఏ వైద్యమూ చేయకుండా కొన్నాళ్లు చూడొచ్చా అని మీరు అడగలేదు, కానీ అడగాల్సిన ప్రశ్న అది. చూడొచ్చు. పెద్ద సంచుల వాపులు కొన్ని, ముఖ్యంగా ఒకసారి జలుబుతో ఉబ్బి తగ్గాక, వాటంతటవే చిన్నవవడం ఉంది. బాబు పాలు తాగుతూ, ఆడుకుంటూ, హాయిగా ఊపిరి తీసుకుంటూ ఉంటే నెలా రెండు నెలలు ఆగితే మునిగిపోయేదేమీ లేదు. 'ఇవాళే చేయించకపోతే ప్రమాదం' అని ఎవరైనా తొందరపెడితే, ప్రమాదం ఏమిటో వివరంగా చెప్పమని అడగండి. ఆగడమంటే వదిలేయడం కాదు. వారానికోసారి ఒకే చోట, ఒకే వెలుతురులో, పక్కన ఒక చెంచా పెట్టి ఫొటో తీయండి. పెరిగిందో తగ్గిందో మీ కళ్లకంటే ఆ చెంచా కొలత బాగా చెబుతుంది. టీకాలు మాత్రం వేళకి వేయించండి.

ఆగకూడని సందర్భాలు ఇవి. ఊపిరి తీసుకుంటుంటే కీచుమనో గురకలానో చప్పుడు వచ్చినా, పాలు తాగుతూ మధ్యలో వదిలేసి ఎగరొప్పుతున్నా, చొంగ ఎప్పుడూ లేనంత కారుతున్నా, నాలుక పైకి లేచినా, గంటల్లోనే వాపు రెట్టింపైనా అర్ధరాత్రయినా సరే 108కి ఫోన్ చేయండి. ఇంకా ఇంజెక్షన్ వేయించకుండానే వాపు ఎర్రగా వేడిగా ఉండి జ్వరం ఉంటే చీము పట్టిందనుకోవాలి, నీలంగా గట్టిగా అయితే లోపల రక్తం చేరిందనుకోవాలి. ఆ రెండింటికీ అదే రోజు డాక్టరుకి చూపించాలి. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ వేయొద్దు.

ఎక్కడ చూపించాలంటే, మీకు దూరం పోనక్కర్లేదు. కలెక్టరాఫీసు దగ్గర కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పిల్లల సర్జరీ విభాగం ఉంది. ఓపీకి వెళ్లేటప్పుడు పాత స్కాన్ రిపోర్టు ఒక్కటే కాదు, ఫిల్ములు లేదా సీడీ, జలుబప్పుడు తీసిన ఫొటోలు, పుట్టినప్పటి కార్డు పట్టుకెళ్లండి. బియ్యం కార్డు, ఆధార్ కూడా ఉంచుకుని, ఎన్టీఆర్ వైద్య సేవ (అదే మన ఆరోగ్యశ్రీ) కౌంటర్లో ఈ చికిత్స పథకం కిందికి వస్తుందో లేదో మొదటిరోజే అడిగేయండి. ప్రైవేటుకి వెళ్లినా సరే, డాక్టర్ని నేరుగా అడగండి: సంచులు పెద్దవా చిన్నవా, ఇలాంటి పిల్లలకి మీరు ఎంతమందికి చేశారు, ఇంజెక్షన్ వేసేది ఎవరు, ఆ రాత్రి గొంతు వాస్తే పిల్లల ఐసీయూ ఇక్కడే ఉందా? మంచి డాక్టరుకి ఈ ప్రశ్నలకి కోపం రాదు. సర్జన్, స్కాన్ చూసి సూది పెట్టే రేడియాలజిస్ట్ ఇద్దరూ కలిసి మాట్లాడుకునే చోటైతే ఇంకేం కావాలి.

ఫోన్లో చదివి ఇంకో భయం తెచ్చుకుంటారేమోనని చెబుతున్నాను. 'సిస్టిక్ హైగ్రోమా' అని వెతికితే టర్నర్, డౌన్ సిండ్రోమ్ అని వస్తుంది. అది గర్భంలో మొదటి నెలల్లోనే బిడ్డ మెడ వెనుక కనిపించే నీటి వాపు సంగతి. పుట్టి, ఆరోగ్యంగా ఎదుగుతూ, ఐదో నెలలో మెడ పక్కన వాపు కనిపించిన మీ బాబుకి అది వర్తించదు.

ఇక అప్పన్న మొక్కు. నిక్షేపంలా తీర్చుకోండి. బాబుకి జలుబూ దగ్గూ లేని రోజు చూసుకోండి. ఇంజెక్షన్ తేదీ ముందే వచ్చేస్తే, గుండు అంతకు ముందైనా చేయించండి, లేదా వాపు దిగాక నెల రోజులు ఆగి చేయించండి. మధ్యలో వద్దు. చందనోత్సవం, గిరిప్రదక్షిణ రోజులు కాకుండా మామూలు రోజు పొద్దున్నే కొండెక్కండి. గుండు చేసేటప్పుడు పిల్లలు గింజుకుంటారని మెడ వెనుక గట్టిగా పట్టుకుని వంచుతారు. బాబుని మీ ఒడిలో మీరే కూర్చోబెట్టుకుని, గడ్డం కింద, నుదుటి మీద చేతులు పెట్టి పట్టుకోండి. ఎడమ పక్క మెడ నొక్కొద్దని గుండు చేసే ఆయనకి కూర్చోకముందే చెప్పండి.